అన్యూరిజం సిలికాన్ మోడల్‌లో ఏ ద్రవం వాడాలి? వక్రీభవనం, స్నిగ్ధత రెండూ కుదరడం లేదు

మెదడు అన్యూరిజం (ధమని గోడ సంచిలా ఉబ్బడం) దగ్గర ఫ్లో డైవర్టర్ (ధమనిలో పెట్టే సన్నని తీగల జాలీ గొట్టం) పెట్టాక సంచిలో ప్రవాహం ఎంత తగ్గుతుందో లేజర్, కెమెరాలతో కొలవాలి. మోడల్ పారదర్శక సిలికాన్, మూల ధమని వ్యాసం 4 మి.మీ., సగటు ప్రవాహం నిమిషానికి 250 మి.లీ.

చిక్కు ద్రవం దగ్గరే. సిలికాన్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) సుమారు 1.41; ద్రవానిదీ అంతే ఉంటేనే బొమ్మ వంగదు. దానికి సరిపడాలంటే నీటిలో బరువులో 60 శాతం గ్లిజరిన్ కలపాలి. అప్పుడు 20 డిగ్రీల దగ్గర స్నిగ్ధత దాదాపు 11 సెంటీపాయిజ్, రక్తానిది 3.5–4. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ జడత్వానికీ స్నిగ్ధతకూ నిష్పత్తి) రక్తంలో ఉన్నట్టే నిలపాలంటే ప్రవాహం నిమిషానికి 700 మి.లీ. దాకా పెంచాలి. అంతవరకు సరే. వోమర్స్‌లీ సంఖ్య (ప్రవాహ స్పందన వేగాన్ని స్నిగ్ధతతో పోల్చేది) కూడా నిలపాలంటే నిమిషానికి 70 స్పందనలు 200 అవ్వాలి, ఆ వేగంలో పంపు తరంగ రూపం చెడిపోతుంది. గ్లిజరిన్ 40 శాతానికి దించితే స్నిగ్ధత బాగుంటుంది కానీ గుణకం 1.38కి పడిపోయి సంచి మెడ దగ్గర, అంటే అసలు కొలవాల్సిన చోటే, బొమ్మ వంగుతుంది.

గుణకం, స్నిగ్ధత రెండూ కుదరాలంటే మిగిలింది సోడియం అయొడైడ్ మిశ్రమం: నీరు 47, గ్లిజరిన్ 37, అయొడైడ్ 16 శాతం. గాలి తగిలితే పసుపెక్కుతుంది, చిటికెడు సోడియం థయోసల్ఫేట్ వేస్తే తేటపడుతుంది.

ఈ మిశ్రమాన్ని రోజుల తరబడి తిప్పినవాళ్ళు దయచేసి చెప్పండి: లీటరుకు థయోసల్ఫేట్ ఎన్ని గ్రాములు వేశారు? గేర్ పంపు లోహం, డైవర్టర్‌లోని కోబాల్ట్-క్రోమియం తీగలు తుప్పు పట్టాయా? అయొడైడ్ బదులు యూరియా వాడి చూసినవాళ్ళుంటే ఏ పాళ్ళలో కుదిరింది?