ఓజీఎల్ గొడవలో విజార్డ్స్ నిజంగా విన్నదా?

ప్రశ్న: 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ నియమాలను ఇతరులు తమ ఉత్పత్తుల్లో వాడుకోనిచ్చే ఓజీఎల్ (ఓపెన్ గేమ్ లైసెన్స్) కొత్త ముసాయిదా లీకయ్యాక, ఆ గేమ్ ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వెనక్కి తగ్గింది కదా, అది విమర్శ విన్నట్టా, భయపడినట్టా?

జవాబు 1: భయమేనండి. ఆ లైసెన్స్ వాడే ఇతర ప్రచురణకర్తలకు ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం దాకా రాయల్టీ అడిగి, 2000 నుంచి అందరూ నమ్ముకున్న పాత లైసెన్సునే చెల్లదనబోయారు, జనం విజార్డ్స్ వారి ఆన్‌లైన్ సేవ డీ అండ్ డీ బియాండ్ చందాలు రద్దు చేసుకుంటుంటే అప్పుడు దిగొచ్చారు.

జవాబు 2: కోపం నాకూ ఉంది. కానీ సర్వే పెట్టారు, 15,000 మందికి పైగా స్పందించారు, సర్వే గడువు ఉండగానే జనవరి 27న గేమ్ మూల నియమాల పత్రం (ఎస్ఆర్‌డీ) 5.1ని, ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇచ్చేశారు. అది వెనక్కి తీసుకోలేనిది, ఏ క్షమాపణకన్నా గట్టిది.

ప్రశ్న అడిగినవారు: మరి ఓజీఎల్‌కి బదులుగా పైజో అనే మరో గేమ్ ప్రచురణ సంస్థ మొదలుపెట్టిన ఓఆర్‌సీ లైసెన్స్ ఇంకా అవసరమా?

జవాబు 1: తప్పకుండా. అది ఏ ఒక్క ప్రచురణకర్త సొత్తూ కాదు, నేనైతే నా గేమ్‌కి అదే వాడతాను.