శిలాఫలకం మీద ఆర్కిటెక్ట్ పేరు ఉండాలా? (రాతలో సాగిన చర్చ ఇది. రాసినవాళ్లని వాళ్ల పేట, ఊరి పేరుతో చూపించాం.)

లబ్బీపేట ఆర్కిటెక్ట్: మన కళాక్షేత్రం పూర్తి పేరు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం. అందులో ఒక కుటుంబం ఉంది, ఒక పదకర్త ఉన్నాడు. ప్లాన్ గీసిందెవరంటే బెజవాడలో ఎంతమంది చెప్పగలరు? ఏ ప్రభుత్వ భవనం చూసినా ఫలకం మీద మంత్రి, ఎమ్మెల్యే, కమిషనర్. బాపు బొమ్మ కింద సంతకం ఉంటుంది. సినిమా పాటకి సంగీత దర్శకుడి పేరు వేస్తారు. భవనానికి మాత్రం ఎందుకు వెయ్యరు? ఆర్కిటెక్ట్ పేరు తప్పనిసరి చెయ్యాలి.

సత్యనారాయణపురం: క్షేత్రయ్య పదాల్లో ఉండేది 'మువ్వగోపాల' ముద్ర, అంటే పదం ఎవరిదో తెలిపే గుర్తు మాట. అది దేవుడి పేరు, ఆయనది కాదు. అయినా మూడు వందల ఏళ్లు దాటాక కూడా ఆయన పదాలని చెప్పుకునే పాడుతున్నాం. పని గొప్పదైతే పేరు దానంతటదే నిలుస్తుంది.

లబ్బీపేట ఆర్కిటెక్ట్: ఆ ముద్ర ఉండబట్టే కదండీ పదం ఎవరిదో తెలిసింది!

బ్రాడీపేట: పాత కృష్ణా ఆనకట్ట అనగానే అందరూ కాటన్ దొర అంటారు. 1850ల్లో ఇక్కడ దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. 1957లో వచ్చిన బ్యారేజీకి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఓర్ ఎవరికీ గుర్తులేడు.

సత్యనారాయణపురం: కాటన్ దొరని తక్కువ చేసి మాట్లాడొద్దు. డెల్టాలో పుట్టినవాళ్లు అనాల్సిన మాట కాదది.

బ్రాడీపేట: నేనెక్కడ తక్కువ చేశాను? ఓర్ పేరు కూడా చెప్పమన్నాను, అంతే.

పెదన: మా కలంకారీ అద్దకంలోనూ అంతే. ఫ్యాషన్ కోర్సు చదివొచ్చినవాళ్లు చీర స్కెచ్ వేసి మూలన సంతకం పెడతారు. ఆ పువ్వుని రంగుకో అచ్చు చొప్పున విడదీసి, టేకు చెక్క మీద చెక్కేది మా ఊరి పనివాళ్లు. ఒక్క గీత పక్కకి జరిగినా ఎరుపు నలుపులోకి వెళ్లిపోతుంది. చీర అమ్మేటప్పుడు వాళ్ల పేరు ఎవరూ ఎత్తరు.

కృష్ణలంక: మా నాన్నగారు డ్రాఫ్ట్స్‌మన్, భవనాల డ్రాయింగులు గీసేవారు. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు గీత తప్పితే బ్లేడుతో గీకి, చిరగకుండా మళ్లీ గీసేవారు. ఒక ఆఫీసులో మెట్ల పక్క గోడకి గాలి ఆడేలా జాలీ డిజైన్ పూర్తిగా ఆయనే చేశారు. సన్మానం మాత్రం కన్సల్టెంట్‌కి జరిగింది. నాన్నగారిని వేదిక కిందికి కూడా పిలవలేదు. అందుకే ఈ ప్రతిపాదన నాకు నచ్చలేదు.

లబ్బీపేట ఆర్కిటెక్ట్: అది మీ ఇంటి గొడవండీ. నేను వృత్తి గౌరవం గురించి మాట్లాడుతున్నాను. ప్లాన్ మీద సంతకం నాది. రేపు స్లాబ్ కూలితే కేసు నా మీదికీ రావచ్చు.

కృష్ణలంక: ఇంటి గొడవా? ఇప్పుడు ఫలకం మీద ఆర్కిటెక్ట్ పేరు లేదు, మా నాన్నగారి పేరూ లేదు. రేపు మీ పేరొక్కటే రాయిలో చెక్కితే, ఆ భవనమంతా మీరే గీశారని ఊరు నమ్ముతుంది. నా అభ్యంతరమంతా అక్కడే. ప్రతి డ్రాయింగ్‌కీ కింద కుడివైపు మూలన గళ్లుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గడిలో మా నాన్నగారి పొట్టి సంతకం ఉంది. మీరు మూడో గడినే రాతి మీదికి ఎక్కిస్తామంటున్నారు.

సత్యనారాయణపురం: ఇంతమంది పేర్లు చెక్కితే చదివేదెవరు? కచేరీలో తంబురా వేసినవారి పేరు కూడా కరపత్రంలో వెయ్యాలంటారా?

పెదన: వెయ్యాలండీ. ఎందుకు వెయ్యకూడదు?

లబ్బీపేట ఆర్కిటెక్ట్: గీసినవాళ్లూ ఆలోచించినవాళ్లూ ఒకటి కాదు. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

కృష్ణలంక: ఆ జాలీ ఆలోచన మా నాన్నగారిదేనని పైనే రాశాను. మళ్లీ చదవండి.

బ్రాడీపేట: పాత డ్రాయింగులు ఆఫీసుల్లో ఉన్నాయా, చెత్తలోకి పోయాయా? ఉంటే ముందు వాటిని స్కాన్ చేయించమని కలిసి అర్జీ పెడదాం. మూడు గళ్లూ కనిపించేలా.