పుట్టుకతో హెచ్ఐవీ ఉన్న పిల్లాడికి తల ఎంఆర్ఐ రాశారు, తీయించినవాళ్లు చెప్పండి

పెద్దమ్మ_పల్నాడు: మా చెల్లెలి కొడుకు, తొమ్మిదేళ్లు. చెల్లి పోయాక నా దగ్గరే పెరుగుతున్నాడు. మూడో ఏటి నుంచి ఏఆర్‌టీ మందులు (హెచ్ఐవీని అదుపులో పెట్టేవి). వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనబడటం లేదన్నారు. కానీ నిన్న అప్పజెప్పిన ఎక్కం ఇవాళ గుర్తుండదు. వైరస్ లేనప్పుడు తలకి స్కాన్ ఎందుకు?

స్కాన్‌గది: లేదని కాదండీ, రక్తపరీక్షకు అందనంత తగ్గిందని. మందులు మొదలయ్యేలోపే అది మెదడును చేరి ఉండొచ్చు. నరాల తీగలకు తొడుగు పడే వయసు అదే. దక్షిణాఫ్రికాలో చేర్ అనే పరిశోధనలో మూడు నెలల్లోపే మందులు మొదలెడితే మరణాలు 76 శాతం తగ్గాయి (2008లో అచ్చయింది). ఆ పిల్లలకే ఐదేళ్లప్పుడు స్కాన్ తీసి, వైరస్ లేని పిల్లలతో పోలిస్తే, మెదడులో ఆ తీగలుండే తెల్ల పదార్థంలో తేడాలు కనిపించాయి. అలాగని మందు పనిచేయలేదనుకోకండి. ఆ పిల్లలు బతికి ఉండబట్టే కదా ఐదేళ్లకు స్కాన్ తీశారు! ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు, భయం వద్దు.

బెజవాడ_అమ్మ: మావాడు మొదటిసారి ఆ మిషను చప్పుడుకి లేచి పరిగెత్తాడు. పక్కింట్లో బోరు వేస్తున్నట్టే ఉంటుంది. వారం రోజులు మంచం కింద పడుకోబెట్టి పైన పళ్లెం మీద గరిటెతో వాయించా, కదలకపోతే జీళ్లు. రెండోసారి మత్తు లేకుండానే అయింది. మొలతాడుకి మువ్వ ఉంటే ఇంట్లోనే తీసేయండి, అక్కడ ముడి రాక కత్తెర కోసం వెతికాం.

ఒక_తల్లి: మా ఊరి స్కాన్ సెంటర్లో అందరి ముందూ జబ్బు పేరు పెట్టి పిలిచారు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా బయటపెట్టకూడదని గట్టిగా అడిగితే నోరు మూశారు.

వైరింగ్_తమ్ముడు: నేనూ పుట్టుకతోనే. పదకొండేళ్లప్పుడు సీటీలో మెదడు లోపల సున్నం చేరిందని రాశారు, మా నాయనమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పుడు ఐటీఐ అయి ఇళ్లకి వైరింగ్ చేస్తున్నా. నోటిలెక్క ఇప్పటికీ రాదు, ఫోనులో చేసుకుంటా. ఫిల్ము కంటే పిల్లాడిని చూడమ్మా. సైకాలజిస్టు దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష కూడా అడుగు, బడిలో ఏం సాయం కావాలో అదే చెబుతుంది.

పెద్దమ్మ_పల్నాడు: నిన్న అయింది. పళ్లెం పద్ధతే పనిచేసింది. చిన్న మచ్చలున్నాయట, మందులు అవే. కానీ బస్సులో రిపోర్టు వాడి చేతిలో పెట్టి టికెట్టు తీసుకుంటున్నా. ఇంగ్లిషు మీడియం కదా, పైవరుస కూడబలుక్కుని చదివాడు. "పెద్దమ్మా, హెచ్ఐవీ అంటే ఏంటి? నావి బలం మందులన్నావుగా?" ఇంటికెళ్లి చెబుతానన్నా. ఇంకా చెప్పలేదు. మంగళవారం కౌన్సెలర్ మేడం దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. మీ పిల్లలకి ఎలా చెప్పారు?