ఈ వారం సమస్య: మొక్కఁ జంపువాఁడె మొక్కఁ గాచు

ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, దీనితో ముగిసేటట్టు పై మూడు పాదాలు మీరు పూరించాలి. నియమాలు తెలిసినవే: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. (లఘువు పొట్టిగా, గురువు దానికి రెట్టింపు సేపు పలికే అక్షరం. గురువు, లఘువు కలిసినా, మూడు లఘువులైనా సూర్యగణం. ఇంద్రగణం అంతకన్నా పెద్దది.) నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొసగాలి. విషయం మాత్రం ఈసారి పెరటిదే కావాలి: ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పాకి, పక్కవాటిని తొక్కేసే మొక్కలు. చంపడమూ కాయడమూ ఒకరి చేతిలోనే ఎట్లా కుదురుతుందో పద్యంలో తేలాలి.

దేవరకొండ నుంచి:

పుదిన వేరు పాకి పొరుగుమొక్కల మింగ
తొట్టిలోన దాని తుంచి పెట్టి
వంగ మిరప రెండు వర్ధిల్లఁ జేయఁగ
మొక్కఁ జంపువాఁడె మొక్కఁ గాచు

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది, యతులు సరిపోయాయి. 'పుదీన' అంటే లఘువు, గురువు, లఘువు అయి మొదటి గణంలో ఇమడదు కాబట్టి 'పుదిన' చేశారు, ఫర్వాలేదు. అసలు చిక్కు వేరే. ఇందులో చచ్చిందెవరు? పుదీనాను తొట్టిలో పెట్టి దర్జాగా సాకుతున్నారు కదా! సమస్యలోని 'చంపు' అనాథగా మిగిలింది.

నకిరేకల్ నుంచి: పైగా తుంచితే పుదీనా ఆగుతుందా అన్నా? తుంచినకొద్దీ గుబురవుతుంది. దాని బలమంతా మట్టిలో పాకే కాడల్లో ఉంటుంది. మా ఇంట్లో అడుగు కోసేసిన పాత బకెట్‌ను, అంచు రెండంగుళాలు పైకి ఉండేటట్టు భూమిలో పాతి అందులో పెట్టినం. అయినా కొమ్మలు అంచు మీదుగా వంగి అవతల మట్టిని తాకితే చాలు, కణుపు దగ్గర వేరు పోస్తయి. వాటిని చూసినప్పుడల్లా పీకాల్సిందే.

దేవరకొండ: ఆ మాటే పద్యంలో పెడతాను. రెండో పాదం ఇట్లా మారుస్తున్నా: 'తొట్టి దాటు తీఁగె తుడిచిపెట్టి.'

నిర్వాహకుడు: ఇప్పుడు చావు ఉంది, హద్దూ ఉంది. బాగుంది.

మిర్యాలగూడ నుంచి:

తుంగ పీకినంత తొలగిపోవునె? నేల
గడ్డ వెనుక గడ్డ కలిసి యుండు
వేసవెండలోన వెలికిఁ దీసిన మేలు
మొక్కఁ జంపువాఁడె మొక్కఁ గాచు

నిర్వాహకుడు: టీచరమ్మగారూ, మొదటి రెండు పాదాలు తుంగను తవ్వి చూసినవాళ్లు రాసినవి. పైన ఆకు పట్టి లాగితే తెగి చేతికొస్తుంది. కింద గొలుసులా ఉన్న గడ్డలు అక్కడే ఉండి మళ్లీ మొలుస్తాయి. మే నెలలో గడ్డపారతో మట్టి తిరగేసి, గడ్డల్ని ఎండకు పడేస్తే ఎండి చస్తాయి. లోతున దాగినవి మాత్రం తొలకరికి మళ్లీ తల ఎత్తుతాయి, ఇంకోసారి తవ్వాలి. కానీ 'మేలు' దగ్గర వాక్యం ముగిసిపోయింది. నాలుగో పాదం అతికించినట్టుంది. ఆలోచించండి.

జడ్చర్ల నుంచి: సార్, కొత్తగా నేర్చుకుంటున్నా. 'చామంతి పిలకలు చాలఁ బెరిగె' అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయిన.

నిర్వాహకుడు: ఆగిపోవడమే మంచిదైంది తమ్ముడూ. 'చామంతి'లో రెండు గురువులు వరుసగా వచ్చాయి, అది సూర్యగణం కాదు. మూడో పాదంలో ఇంద్రగణం ఉండే చోటికి జరుపు. చామంతి అక్కడ సుఖంగా కూర్చుంటుంది.

జడ్చర్ల:

పిలక పిలక గుంపు పెరిగి పూవులు లేక
కుదురు నడుమ నెండి కుములుచుండ
చచ్చు పిలక తీసి చామంతి విడఁదీయ
మొక్కఁ జంపువాఁడె మొక్కఁ గాచు

నిర్వాహకుడు: భేష్! చంపేదీ కాచేదీ ఒకే మొక్క కావడం దీని సొగసు. పాత కుదురు నడుమ ఎండిపోవడం చూసి రాశావు. పూలు అయిపోయాక వేరున్న పిలకల్ని విడదీసి నాటుకుంటే మడి అదుపులో ఉంటుంది. చచ్చిన పిలకను తీయడం 'చంపడం' అవుతుందా అని ఎవరైనా పట్టుకోవచ్చు. నేనైతే వదిలేస్తున్నా.

గద్వాల నుంచి:

గరిక గణపతికినిఁ గానుకౌనే గాని
పాలకూర మడికి పగయె సుమ్ము
చవితినాఁడు తెచ్చి చక్కఁగాఁ బూజించు
మొక్కఁ జంపువాఁడె మొక్కఁ గాచు

నిర్వాహకుడు: విద్వద్గద్వాల అని ఊరికే అన్నారా! మూడో పాదం చివర 'పూజించు' సమస్యలోకి దూకి మొదటి మొక్కను గరిక చేసింది. రెండో మొక్క పాలకూరకు మిగిలింది. పూరణంటే ఇదీ. 'గణపతికిని'లో 'ని' మాత్రం గణం కోసం తెచ్చుకున్నదే. 'గరిక విఘ్నపతికిఁ గానుకౌనే గాని' అంటే ఆ అతుకు పోతుంది. 'సుమ్ము' కూడా అతుకే, కానీ దానికి నాకూ మందు దొరకలేదు.

నకిరేకల్: గరిక పైనా పాకుతది, కిందా పాకుతది. ఒక్క కణుపు మిగిలినా మళ్లీ లేస్తది. షాబాద్ బండ ముక్కలు మడి చుట్టూ నిలువుగా, జానెడు లోతున పాతితే చాలావరకు ఆగుతది.

మిర్యాలగూడ: గద్వాల వారి దారి పట్టుకున్నాను. నా మూడో పాదం: 'వేసవెండలోన వెలికిఁ దీసి కలుపు.' కింద ఎట్లాగూ 'మొక్కఁ జంపువాఁడె' ఉంది.

నిర్వాహకుడు: 'కలుపు మొక్క' అయి కూర్చుంది! యతీ గణమూ చెడలేదు. ఈ వారం మొదటి స్థానం గద్వాలకు ఇద్దామనుకున్నాను, ఇప్పుడు ఇద్దరికీ ఇస్తున్నా.

జడ్చర్ల: సార్, తవ్విన తుంగ గడ్డలు ఎరువు గుంతలో వేయొచ్చా?

మిర్యాలగూడ: వద్దు నాయనా. అక్కడ తడి తగిలితే బతుకుతాయి, ఎరువుతో పాటు మడి మడికీ చేరతాయి. డాబా మీద పరిచి, బాగా ఎండి గట్టిపడ్డాక పారెయ్.

నిర్వాహకుడు: వచ్చే వారం కందపద్య పాదం ఇస్తాను. పాలమూరు వాళ్లు సర్కారు తుమ్మ మీద అడుగుతున్నారు.