టీకాల క్యారియర్‌లో ఐస్ ప్యాక్‌లకు బదులు చల్లటి నీటి ప్యాక్‌లు ఎన్ని గంటలు ఆగుతాయి?

మారుమూల ఊళ్లకు టీకాలు తీసుకువెళ్లే పనిలో ఉన్నాను. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా), హెపటైటిస్ బి టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలసి ఉండగా, నాలుగు ఐస్ ప్యాక్‌లు పట్టే మా క్యారియర్‌లో పెట్టిన డేటా లాగర్ (ఉష్ణోగ్రతను నమోదుచేసే పరికరం) బయలుదేరిన 40 నిమిషాలకే మైనస్ 1.2కు దిగి, దాదాపు గంటన్నర అక్కడే ఉంటోంది.

ప్యాక్‌లను ఫ్రీజర్ నుంచి తీసి మొదట 30 నిమిషాలు, తరువాత 45 నిమిషాలు బయట ఉంచి, ఊపినప్పుడు లోపల నీటి చప్పుడు వినిపించాకే సర్దాను. సీసాలు ప్యాక్‌లకు తగలకుండా అట్ట అడ్డుపెట్టాను. అయినా మైనస్ 0.6 కంటే పైకి రాలేదు.

అనుమానం తీరక, టీకా గడ్డకట్టి పాడైందో లేదో తెలిపే షేక్ టెస్ట్ కూడా చేశాను. కావాలని గడ్డకట్టించి కరిగించిన సీసానూ, క్యారియర్‌లో తిరిగివచ్చిన సీసానూ ఒకేసారి ఊపి పక్కపక్కన నిలబెడితే, రెండింటిలోనూ తెల్లటి మడ్డి ఒకే వేగంతో అడుగుకు చేరింది, అంటే క్యారియర్‌లోదీ గడ్డకట్టి పాడైనట్టే. ఆ సీసాలన్నీ పక్కన పెట్టేశాం. సీసాపై ఉండే వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) గుర్తు వేడికి మాత్రమే రంగు మారుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. కాబట్టి ఇంతకుముందు ఎందరు పిల్లలకు పనిచేయని టీకా వేశామోనన్న బాధ నన్ను వదలడం లేదు.

ఇప్పుడు ఐస్ ప్యాక్‌లు మాని, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు చల్లబరచిన నీటి ప్యాక్‌లు వాడాలనుకుంటున్నాను. బయట 40 డిగ్రీల ఎండలో, మూత అప్పుడప్పుడు తెరుస్తూ ఈ పద్ధతి వాడినవారికి లోపలి ఉష్ణోగ్రత ఎన్ని గంటలపాటు 8 డిగ్రీలు దాటకుండా ఉంది?