సమస్య: నిదుర లేనివాడు నిదుర లేచె

నిర్వాహకులు: ఇది ఆటవెలది నాలుగో పాదం; ముందు మూడు పాదాలు కట్టి ఇందులోని విరోధం తీర్చాలి. నిదుర – లేని – వాడు – నిదుర – లేచె, ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి, ని–ని. అంశం ఫోనూ కుర్రకారూ. దేవతలకు అస్వప్నులు (నిద్ర లేనివారు) అన్న పేరుంది కదా అని విష్ణువును యోగనిద్ర నుంచి లేపే పూరణలు ఈసారికి వద్దు.

చంపకం:
రీలు వెనుక రీలు రెప్పవేయక చూచి
తెల్లవారు వేళ తెరను మూసి
గంట కునుకు తీయ గడియార మఱచెను
నిదుర లేనివాడు నిదుర లేచె

ద్రుతం: చంపకం గారూ, మొదటి పాదం హాయిగా నడిచింది. మూడో పాదంలోనే చిక్కు. గడియారం అఱచిందా, వాడు గడియారాన్ని మఱచాడా? శకటరేఫ కూడా ఆదుకోదు, రెండు క్రియలకూ అదే ఱ. "గడియారమే మోగ" అనండి. పాదం చివరి రెండు ఇంద్రగణాలుగా సల, త సరిపోతాయి, అర్థమూ ఒకటే మిగులుతుంది.

యతిస్థానం: తప్పంతా రీలు మీదికే నెట్టకండి. కౌమారంలో దేహగడియారమే వెనక్కి జరుగుతుంది, తొందరగా పడుకున్నా నిద్ర పట్టదు. 13–18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు కావాలని నిద్రవైద్యుల సిఫార్సు. బడి గంట మాత్రం జరగదు. ఆ సందులోకి ఆగే చోటు లేని తెర దూరుతుంది. పేజీకి అడుగంటూ ఉంటే బొటనవేలు అక్కడైనా ఆగేది.

వలపలగిలక:
పాఠ మొకటి చదువ పది మార్లు పిలిచెడి
నోటిఫికేషను నూఱు తెచ్చె
తాళ మపుడె తీసి తలగడ చేరని
నిదుర లేనివాడు నిదుర లేచె

ద్రుతం: రెండో పాదం కుంటుతోంది. "నోటిఫికేషను" అంటే గురువు, రెండు లఘువులు, మళ్లీ అదే వరుస: రెండు భగణాలు. సూర్యగణాలుగా విరిస్తే "నోటి" తర్వాత "ఫికేష" సూర్యగణం కాని జగణమై (లఘువు, గురువు, లఘువు) కూర్చుంటుంది. కాబట్టి ఆ మాట ఒకే పాదంలో ఇమడాలంటే ఆటవెలదిలో చోటు, రెండు ఇంద్రగణాలు వచ్చే 1, 3 పాదాల చివరే. అక్కడ యతి నో మీద పడుతుంది, పాదం ను, నూ, నొ, నో వంటి అక్షరంతో మొదలైతే కుదురుతుంది. ఇంకొకటి, తలగడే చేరనివాడు నిద్ర లేవడమేమిటి? విరోధం తీరలేదు. ఇలా మారిస్తే:

నూఱు మార్లు రాత్రి నోటిఫికేషను
మోగుచుండ లేచి మోముఁ జూపి
తాళ మపుడె తీసి, తరగతి గదిలోన
నిదుర లేనివాడు నిదుర లేచె

రాత్రి లేని నిద్ర తరగతిలో పట్టింది, అక్కడే లేచాడు.

వలపలగిలక: మోము చూపి ఫోను తాళం తీయడం నాకు తట్టలేదు. ధన్యవాదాలండీ.

గురులఘువు:
ఆట లాడి యాడి యర్ధరాత్రము దాటి
కలిమిగలుగువాడు కనులు మూసె
పగలు పదికి గాని వదలడాయెను వాడు
నిదుర, లేనివాడు నిదుర లేచె

ద్రుతం: విరుపు అదిరింది! పాదంలో అక్షరం కదల్చకుండా, నిదుర దగ్గర ఆపి, లేనివాడంటే పేదవాడని సమస్యనే తిప్పేశారు. ప–వ యతీ చెల్లుతుంది.

యతిస్థానం: విరుపు సరే. లేనివాడు ఎందుకు లేచాడు? ఇంటికంతా ఒకటే ఫోను, అందరూ లేచేలోపే పాఠం వినాలనా? ఆ కారణం పద్యంలో లేదు. ఉంటే ఇదే ఉత్తమ పూరణ.

చంపకం (రెండోది):
పక్క గదిని ఫోను పడుకొనఁ బెట్టినఁ
గంటి నిండఁ గునుకు కలుగునంచుఁ
దెలియఁ జెప్ప, వినిన దినము మొదలుకొని
నిదుర లేనివాడు నిదుర లేచె

ద్రుతం: "మొదలుకొని" అన్నాక "లేచుచుండె" కావాలి. "వినిన దినపు మర్నాడునే" అంటే గణాలూ కుదురుతాయి.

యతిస్థానం: వ్యాకరణం కుదిరినా దేహం కుదరదు, ఒక్క రాత్రికే దేహగడియారం సర్దుకోదు. లేచే వేళ సెలవురోజునా మారకూడదు. లేవగానే పగటి వెలుగు కంటికి తగలాలి. అలారానికి వేరే గడియారం ఉండాలి, లేకపోతే ఆ వంకతోనే ఫోను మళ్లీ తలగడ పక్కకు చేరుతుంది. మూడో పాదాన్ని "తెలియఁ జెప్ప వినెను, దినములు కొన్నింట" అందాం.

ద్రుతం: తె–ది యతి నిలిచింది, "లేచె"తో పేచీ కూడా పోయింది. ఒప్పుకున్నాను.