చిలికాలో రోజంతా పడవ మీద తిరగాలి, వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

మాది టెక్కలి. జనవరిలో నాన్నగారిని, పిల్లల్ని తీసుకుని ఒడిశాలోని చిలికా సరస్సుకి వెళ్దామనుకుంటున్నాం. ఇచ్ఛాపురం దాటాక హైవే పక్కనే రంభ, ఇంకాస్త ముందుకెళ్తే బర్కుల్, కాబట్టి తెల్లవారుజామున కారులో బయల్దేరితే దూరం పెద్ద సమస్య కాదు.

మాకు కావలసింది గబగబా చుట్టేసి దింపేసే ట్రిప్పు కాదు. రంభలో పడవెక్కి, బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దగ్గర కాసేపు ఆగి, నెమ్మదిగా కాళీజాయి అమ్మవారి దర్శనం చేసుకుని, బాలుగావ్ రేవులో దిగి చేపల పడవలు, రొయ్యలు, పీతల బేరాలు చూసి, అలా ఆగుతూ సాగుతూ సాయంత్రం దాకా నీళ్ల మీదే గడపాలని ఉంది. నాన్నగారికి తేలినీలాపురం పక్షులంటే ప్రాణం, ప్రతి ఏడూ చూసొస్తారు. చిలికాలోని నలబన దీవి దగ్గర వలస పక్షుల్ని కూడా ఆయనకి చూపించాలని నా కోరిక. డాల్ఫిన్లు సాతపడా వైపు, అది సరస్సుకి అవతలి కొస, అదీ ఇదీ ఒకే రోజు పెట్టుకుంటే పరుగులే అవుతాయి.

రంభలో ఎక్కి బర్కుల్‌లో దిగేలా రోజంతటికీ ఒకే పడవ మాట్లాడుకోవచ్చా, లేక ఎక్కినచోటే దింపుతారా? అలా కుదిరితే రంభలో వదిలిన కారు దగ్గరికి ఆటోలు దొరుకుతాయా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఏ రేవులో మెట్లు తక్కువ? పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఇస్తారా, మేమే కొని తీసుకెళ్లాలా? మధ్యాహ్నం గాలి పెరిగితే నాటు పడవలో ఇబ్బందేమో అని టెన్షన్‌గా ఉంది. ఈమధ్య వెళ్లినవాళ్లెవరైనా పడవ అద్దె ఎంతయిందో కూడా చెప్పండి.